బండి ఆగినప్పుడే దేవుడు గుర్తొస్తే తప్పా?

ఈ వారం వీడియోలో గజేంద్ర మోక్షం కథ చెప్పుకున్నాం కదా. కథ అయితే పూర్తయింది గానీ, దాని వెంటే వచ్చే ఒక ప్రశ్న అలాగే మిగిలిపోయింది. వీడియో చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ప్రశ్న ఒక అమ్మాయిది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వాళ్ల నాన్నగారు ఐసీయూలో ఉన్న రోజుల్లో నాకు రాసింది. "ఇంజనీరింగ్‌లో చేరినప్పటి నుంచి నేను మనసుపెట్టి దేవుడికి దణ్ణం పెట్టుకున్నది లేదండీ. పండక్కి ఇంటికెళ్తే అమ్మ పోరు పడలేక హారతి కళ్లకద్దుకునేదాన్ని, అంతే. ఇప్పుడు ఆస్పత్రి గేటు పక్కన చిన్న వినాయకుడి గుడి ముందు నిలబడితే చేతులు జోడించడానికి సిగ్గేస్తోంది. ఏడేళ్లు పలకరించని మనిషి ఇంటికి అప్పు కోసం వెళ్లినట్టుంది. నాకు అడిగే హక్కుందా?"

ఈ సిగ్గు మనలో చాలామందికి తెలిసిందే. సెమిస్టర్ రిజల్ట్స్ ముందు రోజు, వీసా ఇంటర్వ్యూ పొద్దున, స్కానింగ్ రిపోర్ట్ చేతికి రాబోయే ముందు ఆ పది నిమిషాలు. అప్పటిదాకా గుర్తురాని దేవుడు అప్పుడు గుర్తొస్తాడు. గుర్తొచ్చిన వెంటనే లోపల ఇంకో గొంతు వెక్కిరిస్తుంది: "ఇప్పుడొచ్చావా?"

దీనికి మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది పెద్దవాళ్ల దెప్పిపొడుపు: "అవసరానికి వాడుకునే బుద్ధి, ఈ కాలం పిల్లలంతే." రెండోది బుజ్జగింపు: "దేవుడు అన్నీ చూసుకుంటాడమ్మా, అవేం పట్టించుకోడు." మొదటి మాట విన్నవాడు గుడి మెట్ల దగ్గర నుంచే వెనక్కి వెళ్లిపోతాడు. రెండో మాట విన్నవాడు దణ్ణం పెట్టుకుని, పని అయ్యాక మళ్లీ ఏడేళ్లు మర్చిపోతాడు. ఇద్దరికీ ఒరిగింది ఏమీ లేదు.

నాకు ఈ విషయంలో కాస్త స్పష్టత ఇచ్చింది, మీరు నవ్వుకోకపోతే చెప్తాను, ఒక షెడ్డులో చచ్చిపడున్న ఆరు ఏటీవీ బ్యాటరీలు.

ఊరికే ఉన్నా చచ్చిపోతాయి

మా బాబాయి కొడుకు వికారాబాద్ దగ్గర, అనంతగిరి గుట్టలకి కొంచెం ఇవతల, ఏటీవీ రైడ్లు నడుపుతాడు. మన మూసీ నది పుట్టేది, అనంత పద్మనాభస్వామి గుడి ఉన్నది ఆ గుట్టల్లోనే. ఏటీవీ అంటే వీకెండ్ రిసార్టుల్లో మీరు చూసే ఉంటారు. నాలుగు లావు చక్రాలు, బైక్‌లా హ్యాండిల్, మట్టిలోనూ రాళ్లలోనూ ఎక్కి దిగే బండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఆరు బండ్లనీ శుభ్రంగా కడిగి, కవర్లు కప్పి షెడ్డులో పెట్టాడు. నెలల తర్వాత మళ్లీ తెరుద్దామని బటన్ నొక్కితే ఒక్కటీ స్టార్ట్ కాలేదు. లోపల్నుంచి టిక్ టిక్ టిక్ అని చప్పుడు, అంతే. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

వాడికి ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, ఆరింటికి ఆరు సచ్చినయ్. ఎవ్వడు నడపలే, ఏడ గుద్దలే. ఊకెనే ఉన్నయ్. ఊకె ఉంటే గూడ సస్తయా?"

వికారాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ పెద్దాయన బ్యాగు కింద పెడుతూ అన్నాడు, "ఊకె ఉన్నయ్ గాబట్కే సచ్చినయ్ బిడ్డా."

ఆయన మాటలో సైన్సు ఉంది. ఈ బండ్లలో ఉండేది చాలావరకు లెడ్ యాసిడ్ బ్యాటరీ. 1859లో ఫ్రాన్స్‌కి చెందిన గాస్తోన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. లోపల ఆరు గదులు, ఒక్కోదాంట్లో సుమారు 2.1 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.6 లేదా ఇంకాస్త పైన చూపిస్తుంది. 12 కంటే కిందికి దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. వాడకపోయినా అది తనంతట తానే కొంచెం కొంచెంగా దిగుతూ ఉంటుంది. ఎండాకాలం వేడికి ఇంకా తొందరగా దిగుతుంది. బండిలో మీటరు, గడియారం లాంటివి ఉంటే అవీ గుట్టుగా తాగుతుంటాయి. అలా దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి పేరుకుంటుంది. ఆ తర్వాత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదు.

ఇది మన బతుకులోనూ కనపడుతుంది. నాకు తెలిసి దేవుడి మీద కోపం వచ్చి పూజ మానేసినవాళ్లు చాలా తక్కువ. మిగతావాళ్లంతా మా తమ్ముడు బండ్లు పెట్టినట్టే జాగ్రత్తగా కవర్ కప్పి పక్కన పెట్టినవాళ్లే. "ప్రాజెక్ట్ అయ్యాక మొదలుపెడదాం", "పెళ్లయ్యాక చూద్దాం". ఎవరికీ ద్రోహం చేయలేదు, ఎవర్నీ తిట్టలేదు, ఊరికే ఉన్నాం. ఊరికే ఉండటం నిర్దోషమైన పని అనుకుంటాం. గీతలో మూడో అధ్యాయం మొత్తం ఈ భ్రమ గురించే అని నాకనిపిస్తుంది. పని మానేసి కూర్చున్నంత మాత్రాన మనిషి కర్మ నుంచి బయటపడలేడని కృష్ణుడు అక్కడ అర్జునుడికి విడమరిచి చెప్తాడు. అమ్మకి ఫోన్ చేయకపోవడం, పాత స్నేహితుణ్ణి కలవకపోవడం, రాగం తీయకపోవడం, దీపం పెట్టకపోవడం. ఇవేవీ పాపాల లిస్టులో ఉండవు. కానీ వోల్టు వోల్టుగా దిగుతూనే ఉంటుంది.

ముందు టెర్మినల్ చూడు

మా తమ్ముడు అప్పటికే ఆరు కొత్త బ్యాటరీలకి ఎంతవుతుందో ఫోన్‌లో లెక్క వేస్తున్నాడు. మెకానిక్ ఆగమన్నాడు. "సచ్చిందని ఎవలు జెప్పిన్రు? ముందుగాల టెర్మినల్ జూడు."

సీటు లేపితే రెండు బండ్లలో టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఒకదానికి బోల్టు వదులైంది. ఆయన ముందు నెగెటివ్ వైరు విప్పాడు, తర్వాత పాజిటివ్. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకాడు. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ ఆఖర్న. ఆ వరస తప్పితే స్పానర్ బండి బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయట. ఆ రెండిట్లో ఒకటి వెంటనే స్టార్ట్ అయింది. దాని బ్యాటరీలో ప్రాణం ఉంది. బయటికి వచ్చే దారే మూసుకుపోయింది.

"నాకు భక్తి లేదండీ" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ముందు టెర్మినల్ చూసుకోండి. ఆ అమ్మాయికి గుడి ముందు నిలబడితే సిగ్గేసింది. అసలు ఏ సంబంధమూ లేనివాడి ముందు మనకి సిగ్గెందుకేస్తుంది? దారిన పోయే మనిషికి ఏడేళ్లు పలకరించలేదని ఎవరైనా బాధపడతారా? ఆ సిగ్గే లోపల ఇంకా ఛార్జ్ ఉందని చెప్పే మీటరు. తుడవాల్సింది పైన పేరుకున్న పొడిని.

ఈలోగా షెడ్డులో పనిచేసే కుర్రాడు ఇంకో బండిని వెనక నుంచి తోస్తున్నాడు. బైక్ అయితే సెకండ్ గేర్‌లో పెట్టి తోసి క్లచ్ వదిలితే స్టార్ట్ అవుతుంది కదా, ఆ ధైర్యం. మెకానిక్ నవ్వాడు. ఆ బండ్లలో ఉన్నది స్కూటీల్లో ఉండే లాంటి బెల్టు గేరు. ఇంజను తిరిగితేనే ఆ బెల్టు పట్టుకుంటుంది. బయట నుంచి ఎంత తోసినా చక్రాలు దొర్లుతాయి తప్ప ఇంజను కదలదు. మన ఇళ్లలో "స్నానం చేసి దణ్ణం పెట్టుకో, లేకపోతే టిఫిన్ లేదు" అని తోసిన తోపులు చాలావరకు ఇలాంటివే. మనం గుడిదాకా దొర్లాం. లోపల ఏమీ తిరగలేదు. అమ్మల మీద ఫిర్యాదు కాదిది. తోయడం వాళ్ల ప్రేమ. కాకపోతే కొన్ని బండ్లు తోపుతో స్టార్ట్ కావు, అంతే.

వేరే బ్యాటరీ సాయం

మిగతా బండ్లకి మా తమ్ముడి కారు తెచ్చి జంపర్ కేబుల్స్ వేశారు. మీలో బండి ఉన్నవాళ్లకి ఇది పనికొచ్చే విషయం కాబట్టి వివరంగా చెప్తాను. రెండూ 12 వోల్టుల బ్యాటరీలే అయ్యుండాలి. ఏటీవీ బ్యాటరీ చిన్నది కాబట్టి కారు ఇంజను ఆపేసే ఉంచారు. ఎర్ర కేబుల్ ఒక కొస దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస కారు పాజిటివ్‌కి. నల్ల కేబుల్ ఒక కొస కారు నెగెటివ్‌కి. ఆఖరి కొస మాత్రం దిగిపోయిన బ్యాటరీ మీద పెట్టకూడదు. దానికి దూరంగా, ఏటీవీ ఛాసిస్ మీద రంగు లేని ఇనుము ఉన్నచోట పెట్టాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, ఆఖరి కొస తగిలేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది, రెండూ కలిస్తే ప్రమాదం. స్టార్ట్ అయ్యాక పెట్టిన వరసకి సరిగ్గా తిరగేసి తీసేయాలి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కారుతున్నా ఈ ప్రయత్నమే చేయొద్దు.

బటన్ నొక్కారు. బండి గుర్రుమని లేచింది. కారు బ్యాటరీ ఇచ్చింది ఒకట్రెండు సెకన్ల సాయం. ఆ తర్వాత ఏటీవీ తన పెట్రోల్‌తో తనే నడిచింది.

గజేంద్రుడి కథలో నన్ను ఎప్పుడూ పట్టుకునే చోటు ఇదే. వెయ్యేళ్లు మొసలితో పెనుగులాడాడు. వెంట వచ్చిన ఏనుగులు ఒడ్డు నుంచి చూసి, ఏమీ చేయలేక ఊరుకున్నాయి. తన బలం పూర్తిగా దిగిపోయాకే పిలిచాడు. అంతకుముందు పిలవలేదు. మన లెక్కలో ఇది అవసరానికి వాడుకోవడమే కదా? కానీ భాగవతం అతన్ని ఎక్కడా ఆ మాట అనలేదు. ఇంకో సంగతి కూడా చెప్పింది. అతను పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు, విష్ణుభక్తుడు. అగస్త్య మహర్షి శాపం వల్ల ఏనుగై పుట్టాడు. ఆ మొసలి నోట్లో కాలు ఇరుక్కున్న క్షణంలో అతని నోటికి వచ్చిన స్తోత్రం ఆ జన్మలో నేర్చుకున్నదే. ఏనుగుగా బతికినన్నాళ్లూ ఆ మాటలు లోపలే ఉన్నాయి. పైకి రాలేదు, అంతే.

మీలోనూ ఎవరో పెట్టిన ఛార్జ్ కొంచెం ఉంటుంది. చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన పడుకుని విన్న గోవింద నామాలు, తాతగారి భుజాల మీద ఎక్కి చూసిన రథం, కార్తీకమాసంలో చన్నీళ్ల స్నానం. నమ్మకం పోయిందనుకున్నవాడికి కూడా భయం వేసిన రాత్రి నోటికి తెలియకుండా వచ్చే పేరు ఒకటి ఉంటుంది. అదెక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనని ఆశ్రయించేవాళ్లని నాలుగు రకాలుగా చెప్తాడు. ఆపదలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో కావాలని వచ్చే అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తనకి చాలా ఇష్టుడంటాడు. నిజమే. కానీ ఆ నలుగురినీ మంచివాళ్లనే అంటాడు. ఆర్తుణ్ణి గుమ్మం బయట నిలబెట్టలేదు. పైగా ఆ లిస్టులో మొదటి పేరు అతనిదే.

కాబట్టి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి నా మొదటి జవాబు: హక్కుంది. సిగ్గుపడుతూనే చేతులు జోడించు. సిగ్గు పోయాక వస్తానంటే ఎప్పటికీ రాలేవు.

స్టార్ట్ అయ్యాక ఆపేస్తే?

అయితే కథ అక్కడితో అయిపోలేదు. బండి లేవగానే మా తమ్ముడు సంతోషంతో ఇంజను ఆపి, ఇంకో బండి దగ్గరికి వెళ్లబోయాడు. మెకానిక్ గట్టిగా అరిచాడు, "బంద్ జేయకు! ఇప్పుడు బంద్ జేస్తే మళ్ల మొదటికే వస్తది."

స్టార్ట్ అయినంత మాత్రాన బ్యాటరీ నిండదు. నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచినా సరిగ్గా ఎక్కదు. కొంచెం వేగంగా, కొంచెం దూరం నడపాలి. నిజంగా అడుగంటిన బ్యాటరీకి అదీ చాలదు. విప్పి, ఛార్జర్‌కి పెట్టి, నిదానంగా నింపాలి. మెకానిక్‌ల లెక్క ఏమిటంటే బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు. 12 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే 1.2 ఆంపియర్లతో పది, పన్నెండు గంటలు. తొందరపడి ఎక్కువ కరెంటు ఎక్కిస్తే వేడెక్కి పాడవుతుంది.

అవసరానికి వాడుకోవడం అనే మాటకి అసలు అర్థం ఇక్కడ దొరుకుతుంది. ఆపదలో పిలవడంలో తప్పు లేదు. ఆపద తీరిన మరుక్షణం స్విచ్ ఆపేయడంలో ఉంది. అజామీళుడి కథ మనకి సగమే తెలుసు. చావు భయంలో కొడుకుని "నారాయణా" అని పిలిచాడు, విష్ణుదూతలు వచ్చి యమభటుల నుంచి విడిపించారు. ఇంతవరకు అందరూ చెప్తారు. మిగతా సగం ఏమిటంటే, అతను అప్పుడే వైకుంఠానికి వెళ్లిపోలేదు. బతికి, తను బతికిన బతుకు తలుచుకుని కుమిలిపోయి, ఇల్లు వదిలి గంగాద్వారం వెళ్లాడు. అంటే ఇప్పటి హరిద్వార్. అక్కడ సాధన చేశాడు. విష్ణుదూతలు ఇచ్చింది జంప్ స్టార్ట్. గంగ ఒడ్డున జరిగింది నిదానపు ఛార్జింగ్.

హైదరాబాద్ వాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్తాను. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే ఉంటారు. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా వచ్చిందని నూటెనిమిది సార్లు తిరిగి కాళ్లు పట్టేసినవాళ్లు మీ ఫ్రెండ్స్‌లోనే ఉంటారు. ఆ లెక్క చూడండి. అడిగేటప్పటి కన్నా అందిన తర్వాత దాదాపు పదింతలు. ఆ గుడిలో హుండీ కూడా లేదు. డబ్బు వేసి చేతులు దులుపుకునే వీలు లేకుండా, నడిచే తీరమన్నారు.

ఇది దేవుడికే కాదు, మనుషులకీ వర్తిస్తుంది. రెంటు కట్టలేని నెల్లో ఆదుకున్న స్నేహితుడికి ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేశాం, డబ్బు సంగతి లేకుండా?

లేవని బ్యాటరీ

ఆరింట్లో ఒకటి లేవలేదు. కేబుల్స్ వేశారు, రాత్రంతా ఛార్జర్‌కి పెట్టారు. పొద్దున మీటర్ మీద ఎక్కిన అంకె మధ్యాహ్నానికి మళ్లీ పడిపోయింది. మెకానిక్ ఇంక ప్రయత్నించలేదు. "దీని కత అయిపోయింది" అని పక్కన పెట్టాడు. (ఇలాంటిదాన్ని చెత్తలో పారేయకండి. లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చేయండి.)

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ రాసింది. నాన్నగారు వెళ్లిపోయారు. ఉత్తరంలో ఒకే ప్రశ్న: "నేను ఈ ఏడేళ్లూ మొక్కుతూ ఉండుంటే బతికేవారా?"

ఇక్కడ మన ఉపమానాన్ని పక్కన పెట్టాలి. ఎందుకంటే ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్తే అది అబద్ధం అవుతుంది, పైగా క్రూరం అవుతుంది. దిగిపోయేది, ఎక్కించుకోవాల్సింది మన లోపలి బ్యాటరీ. దేవుడి దయకి బ్యాటరీ లేదు, మన మొక్కులు జమ అయితే నిండేది, లేకపోతే ఖాళీ అయ్యేది కాదు. మన ప్రార్థన ఐసీయూలో నాన్న గుండెకి వేసిన కేబుల్ కూడా కాదు. అలా అనుకుంటే బతికిన ప్రతివాడి పిల్లలూ భక్తులు, పోయిన ప్రతివాడి పిల్లలూ దోషులు అవ్వాలి. మన పురాణాలు ఆ లెక్కని ఎక్కడా ఒప్పుకోలేదు. అభిమన్యుడు సాక్షాత్తూ కృష్ణుడి మేనల్లుడు. దేవకీవసుదేవులు కృష్ణుణ్ణి కన్న తల్లిదండ్రులు, అంతకుముందు ఆరుగురు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. దశరథుడి సంగతి సరే సరి. కొడుకు రాముడు. అయినా పోయాడు. ఆఖరి క్షణంలో ఆ కొడుకు పక్కన లేడు కూడా. చిత్రకూటానికి భరతుడు వచ్చి చెప్తేగానీ రాముడికి తెలియలేదు. తెలిశాక ఏం చేశాడు? కుప్పకూలి ఏడ్చాడు. తర్వాత మందాకినికి వెళ్లి, అడవిలో తను తినేదేదో దాంతోనే, గారపిండితో తండ్రికి పిండం పెట్టాడు. తన దగ్గర ఉన్నదాంతో, ఉన్నచోటే.

నేను ఆ అమ్మాయికి రాసింది ఇంతే. ఏడేళ్ల దణ్ణాలు నాన్నని ఆపి ఉండేవి కావు. నువ్వు పెట్టిన మూడు వారాల దణ్ణం వృథా కాలేదు. ఎలాగో నువ్వే చెప్పు.

తను చెప్పింది. మొదటి రోజు సిగ్గుతోనే చేతులు జోడించిందట. తర్వాత రోజూ సాయంత్రం విజిటింగ్ టైమ్‌కి ముందు ఐదు నిమిషాలు అక్కడ నిలబడేది. అంతకుముందు ఐసీయూలోకి వెళ్తే చేతులు వణికి, నాన్నని ముట్టుకోలేక తలుపు దగ్గరే నిలబడిపోయేది. ఆ ఐదు నిమిషాల తర్వాత వెళ్తే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోగలిగేది. ఆఖరి రోజు కూడా చెయ్యి పట్టుకునే ఉంది. "ఆ ఐదు నిమిషాలు లేకపోతే నేను తలుపు దగ్గరే ఉండిపోయేదాన్నండీ" అంది.

కూతురిగా తను చేయగలిగింది, నాన్నకి అందాల్సింది, అది అందింది.

ఈ వారం చేయాల్సింది

మెకానిక్ వెళ్తూ మా తమ్ముడికి చెప్పిన జాగ్రత్తలు చాలా చిన్నవి. వారం, పది రోజులకోసారి బయటికి తీసి అరగంట నడుపు. చాలా రోజులు పక్కన పెట్టాల్సి వస్తే నెగెటివ్ వైరు విప్పి పెట్టు, అప్పుడప్పుడు ఛార్జింగ్ ఎక్కించు. అంతకన్నా ఏమీ లేదు. బండి చెడ్డాక పడే తిప్పలతో పోలిస్తే అసలు పనే కాదది.

మనకీ అంతే. రేపటి నుంచి బ్రాహ్మీ ముహూర్తంలో లేచి రెండు గంటలు పూజ చేస్తానని ఒట్టు పెట్టుకోవద్దు. అది ఎక్కువ కరెంటు ఎక్కించడం, వారానికే వేడెక్కి మానేస్తారు. రోజుకి ఐదు నిమిషాలు. ఒక దీపం, లేదా ఒక నామం, లేదా ఊరికే కళ్లు మూసుకుని కూర్చోవడం. ఏమీ అడగని రోజున కూడా. ముఖ్యంగా ఏమీ అడగాల్సిన అవసరం లేని రోజున. దాంతోపాటు, మీరు అవసరానికి మాత్రమే ఫోన్ చేసే ఒక మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఈ ఆదివారం ఏ అవసరమూ లేకుండా చేయండి. "ఏంటి, ఏమైనా కావాలా?" అని అడుగుతారు. "ఏం లేదు, ఊరికే" అనండి.

వచ్చే వారం వీడియోలో అజామీళుడి కథ, గంగాద్వారం భాగంతో సహా పూర్తిగా చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు. శుభం.